ఫోన్ మార్చే ముందు: పాత చాట్‌లు పోకుండా కొత్త ఫోన్‌లోకి తెచ్చుకునే పద్ధతి

మిగతాది చదివే తీరిక లేకపోయినా ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. కొత్త ఫోన్‌లో పాత మెసేజ్‌లు కళ్లారా చూసుకునేదాకా పాత ఫోన్‌ని రీసెట్ చేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి, అందులోంచి వాట్సాప్, సిగ్నల్ లాంటి మెసేజింగ్ యాప్‌లు తీసేయకండి. నేను చూసినంతలో చాట్‌లు పోగొట్టుకున్నవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే పోగొట్టుకున్నారు.

నేనూ అలాగే పోగొట్టుకున్నాను. మా నాన్నకి ఫోన్‌లో టైప్ చేయడం రాదు, ఏం చెప్పాలన్నా వాయిస్ మెసేజ్ పెట్టేవారు. నేను ప్రయాణం పెట్టుకున్న ప్రతిసారీ "ఏరా, చేరావా? చేరగానే ఫోన్ చెయ్యి" అని ఏడెనిమిది సెకన్ల మెసేజ్ వచ్చేది. ఆయన పోయాక ఆ మెసేజ్‌లు నా దగ్గర ఉన్నాయి కదా అన్న ధైర్యంతో ఉండేవాణ్ణి. ఫోన్ మార్చిన రోజు కొత్తదాంట్లో వాట్సాప్ పెట్టి నంబర్ ఇచ్చాను, బ్యాకప్, అంటే దాచిపెట్టిన చాట్‌ల కాపీ, దొరికింది అని చూపించింది, ఆ వెంటనే దాని పాస్‌వర్డ్ అడిగింది. రెండు మూడేళ్ల కిందట ఎప్పుడో పెట్టుకున్న పాస్‌వర్డ్, ఎక్కడా రాసుకోలేదు. గుర్తొచ్చినవన్నీ కొట్టి చూశాను, ఒక్కటీ పడలేదు. పాత ఫోన్ చేతిలో ఉండుంటే అందులోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చుకుని, మళ్లీ బ్యాకప్ తీసుకుంటే సరిపోయేది. ఆ సంగతి తెలిసేసరికే దాన్ని రీసెట్ చేసి ఇచ్చేశాను. బ్యాకప్ ఉంది, అందులో నాన్న గొంతు ఉంది, దాన్ని తెరిచే తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరా లేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు ఫోన్ మారుస్తున్నా పక్కన కూర్చుని నేనే దగ్గరుండి చేయిస్తున్నాను. అలా చేయించేటప్పుడు ఏం చూసుకుంటానో అదే ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీవాళ్లని అడిగితే ఇవ్వరా?

చాలామంది నన్ను మొదట అడిగేది ఇదే. ఇవ్వకపోవడం కాదు, వాళ్ల దగ్గర ఉండదు. ఈ యాప్‌లలో ఉండే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే మెసేజ్ మీ ఫోన్‌లోనే తాళం పడి బయల్దేరుతుంది, అవతలివాళ్ల ఫోన్‌లోకి వెళ్లాకే తెరుచుకుంటుంది, మధ్యలో సర్వర్ చేసేది మూసిన కవరు అందించడం వరకే. వాట్సాప్ అయితే అందని మెసేజ్‌ని 30 రోజుల పాటు ఉంచి తర్వాత తీసేస్తుంది, అందిపోయినదాన్ని సర్వర్‌లో దాచిపెట్టదు. పైగా సిగ్నల్, వాట్సాప్ వాడే పద్ధతిలో ఒక్కో మెసేజ్‌కి ఒక్కో కొత్త తాళంచెవి పుడుతుంది, పని అయిపోగానే అది చెరిగిపోతుంది. అందుకే ఎవరైనా ఆ మూసిన కవర్లన్నీ దారిలో పట్టి దాచిపెట్టినా, తర్వాత మీ ఫోన్ దొరకబుచ్చుకుని వాటిని విప్పలేరు. మన రహస్యాలు పదిలంగా ఉండేది దీనివల్లే, ఫోన్ మార్చినప్పుడు చాట్‌లు వాటంతట అవి రాకపోవడానికి కారణం కూడా ఇదే.

అంటే మీ చాట్‌ల అసలు ప్రతి మీ పాత ఫోన్‌లో ఉంది, అక్కడ మాత్రమే ఉంది. దాన్ని కొత్తదాంట్లోకి తేవడానికి రెండే దారులు. పాత ఫోన్, కొత్త ఫోన్ పక్కపక్కన పెట్టి నేరుగా పంపించడం ఒకటి, బ్యాకప్ తీసి దాన్ని కొత్తదాంట్లో రీస్టోర్ చేయడం, అంటే తిరిగి ఎక్కించడం, రెండోది. పాత ఫోన్ పని చేస్తూ చేతిలో ఉంటే నేను రెండూ చేయమంటాను, ముందు బ్యాకప్, ఆ తర్వాత నేరుగా పంపడం. ఒకటి మధ్యలో చెడినా రెండోది ఉంటుంది.

ఇంకో అపోహ కూడా తీరిపోవాలి. కొత్త ఫోన్‌లో నంబర్ కొట్టి ఓటీపీ ఇవ్వగానే గ్రూపుల పేర్లు, ప్రొఫైల్ ఫోటోలు కనిపిస్తాయి, అది చూసి అన్నీ వచ్చేశాయనుకుంటాం. అకౌంట్ వేరు, చాట్ హిస్టరీ వేరు. నంబర్‌తో వచ్చేది అకౌంట్, మీరు ఏ గ్రూపుల్లో ఉన్నారో తెలియడం వరకే.

మొదలుపెట్టే ముందు

రెండు ఫోన్లలోనూ యాప్ తాజా వెర్షన్‌కి అప్‌డేట్ చేసుకోండి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ని పాత వెర్షన్ యాప్ తీసుకోదు, సిగ్నల్‌లో ఇది మరీ కచ్చితం. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌కి పెట్టండి. కొత్త ఫోన్‌లో ఖాళీ ఎంతుందో చూసుకోండి, పాత యాప్ 20 జీబీ తింటుంటే కొత్తదాంట్లో అంతకంటే కాస్త ఎక్కువే ఉండాలి.

నంబర్ కూడా మారుస్తుంటే రెండు పనులూ కలిపి పెట్టుకోకండి. బ్యాకప్ ఏ నంబర్ మీద తీశారో కొత్త ఫోన్‌లో అదే నంబర్‌తో రిజిస్టర్ కావాలి. నంబర్ మారాల్సే ఉంటే పాత ఫోన్‌లోనే, యాప్ సెట్టింగ్స్‌లో ఉండే చేంజ్ నంబర్‌తో మార్చేసి, ఆ తర్వాత కొత్తగా బ్యాకప్ తీసి, అప్పుడు ఫోన్ మారండి. పాత సిమ్ ఇంకా పనిచేస్తున్నప్పుడే ఇదంతా అయిపోవాలి, ఎందుకంటే ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది. సిమ్ ఏ ఫోన్‌లో ఉన్నా ఫర్వాలేదు, పాత ఫోన్‌కి వచ్చిన ఓటీపీని చూసి కొత్తదాంట్లో కొట్టొచ్చు.

వాట్సాప్

రెండు ఫోన్లూ ఆండ్రాయిడ్ అయినా, రెండూ ఐఫోన్ అయినా పని తేలిక. 2023 నుంచి క్యూఆర్ కోడ్‌తో నేరుగా పంపే సౌకర్యం ఉంది, గూగుల్ డ్రైవ్‌తోనూ ఐక్లౌడ్‌తోనూ పని లేదు. పాత ఫోన్‌లో సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్‌లోకి వెళ్లి స్టార్ట్ నొక్కండి. కొత్త ఫోన్‌లో యాప్ పెట్టి అదే నంబర్‌తో రిజిస్టర్ అవుతుంటే మధ్యలో పాత ఫోన్ నుంచి తెచ్చుకుంటారా అని అడుగుతుంది, ఒప్పుకుంటే అక్కడ క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని పాత ఫోన్‌తో స్కాన్ చేయాలి. రెండింట్లోనూ వైఫై ఆన్‌లో ఉండాలి, ఆండ్రాయిడ్‌లో లొకేషన్ కూడా అడుగుతుంది, ఇవ్వండి, దగ్గర్లో ఉన్న ఫోన్‌ని కనిపెట్టడానికే అది.

మొన్న మా పిన్ని ఫోన్ ఇలాగే మార్పించాను. రెండు ఫోన్లూ టేబుల్ మీద ఆనించి పెట్టి మొదలుపెట్టాం, పర్సెంటేజీ గబగబా పెరిగి 71 దగ్గర ఆగింది. పది నిమిషాలైనా కదల్లేదు. పిన్నికి టెన్షన్ పట్టుకుంది, "పోయాయేమోరా, ఒకసారి ఆపి మళ్లీ పెడదామా" అంటుంది. చూస్తే పాత ఫోన్ స్క్రీన్ ఆరిపోయి ఉంది. వేలితో తాకి వెలిగించగానే 72 అయింది. దాంతో సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్క్రీన్ ఆరిపోయే గడువు ముందే పెంచి పెట్టుకోవడం, బ్యాటరీ సేవర్ ఆపేయడం నా పద్ధతిలో చేరిపోయాయి. పంపడం జరుగుతున్నంతసేపూ ఆ యాప్‌ని తెరిచే ఉంచండి, ఫోన్ వస్తే తర్వాత మాట్లాడొచ్చు.

ఇక బ్యాకప్ దారి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ అకౌంట్‌లోకి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి పోతుంది. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి చివరి బ్యాకప్ తేదీ చూడండి. ఇక్కడే చాలామందికి గుండె ఆగుతుంది, ఎనిమిది నెలల కిందటి తేదీ ఉంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, స్థలం నిండిపోవడం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్, ఫోటోలు అన్నీ కలిసే ఉంటాయి, ఒకప్పుడు వాట్సాప్ బ్యాకప్‌ని అందులో లెక్కపెట్టేవాళ్లు కాదు, ఇప్పుడు లెక్కపెడుతున్నారు. ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే. స్థలం చాలకపోతే బ్యాకప్‌లో వీడియోలు చేర్చకుండా టిక్ తీసేసి, వీడియోలు విడిగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. సగంలో ఆగిన పూర్తి బ్యాకప్ కంటే వీడియోలు లేని నిఖార్సైన బ్యాకప్ నయం.

తేదీ నిన్నటిదే ఉన్నా సరే, మారే ముందు బ్యాకప్ బటన్ మీ చేత్తో నొక్కండి. ఆటోమేటిక్ బ్యాకప్ మామూలుగా తెల్లవారుజామున అవుతుంది, మీరు సాయంత్రం ఫోన్ మారిస్తే ఆ పగలంతా మాట్లాడుకున్నది అందులో ఉండదు.

ఈ బ్యాకప్‌కి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే వీలు 2021 అక్టోబర్‌లో వచ్చింది. దాన్ని ఆన్ చేయకపోతే మెసేజ్‌లు దారిలో ఎంత భద్రంగా ఉన్నా, క్లౌడ్‌లోకి చేరిన కాపీకి ఆ రక్షణ ఉండదు, కాబట్టి ఆన్ చేసుకోమనే నా సలహా. ఆన్ చేస్తే మీరు పెట్టుకున్న పాస్‌వర్డ్ గానీ, అది ఇచ్చే 64 అంకెల కీ గానీ లేకుండా బ్యాకప్ తెరుచుకోదు. ఈమధ్య పాస్‌కీతో, అంటే వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకునే పద్ధతి కూడా ఇచ్చారు, అక్షరాలు గుర్తుపెట్టుకోలేనివాళ్లకి అది మేలు. ఏది పెట్టుకున్నా, ఫోన్ మారే రోజున "నాకు పాస్‌వర్డ్ గుర్తుంది" అనుకుని ఊరుకోకండి. పాత ఫోన్‌లో ఇంకా లాగిన్ అయి ఉన్నారు కాబట్టి, ఏమాత్రం అనుమానం ఉన్నా అదే పేజీలో పాస్‌వర్డ్ మార్చేసి, కొత్తది కాగితం మీద రాసి, మళ్లీ బ్యాకప్ నొక్కండి. నేను నాన్న మెసేజ్‌లు పోగొట్టుకున్నది ఈ రెండు నిమిషాల పని చేయకే.

వాట్సాప్ అప్పుడప్పుడూ అడుగుతుండే ఆరంకెల పిన్ టూ-స్టెప్ వెరిఫికేషన్‌ది, అది అకౌంట్‌కి. బ్యాకప్ పాస్‌వర్డ్ వేరు. ఒకటి గుర్తున్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

కొత్త ఫోన్‌లో రిజిస్టర్ అయ్యేటప్పుడు పాత ఫోన్‌లో ఉన్న గూగుల్ అకౌంటే ముందుగా కలపండి. రెండు మూడు జీమెయిల్ అకౌంట్లు ఉన్నవాళ్లకి "బ్యాకప్ దొరకలేదు" అని వస్తే నూటికి తొంభైపాళ్లు తప్పు అకౌంట్‌తో వెతుకుతున్నట్టే. ఆ స్క్రీన్ మీద స్కిప్ నొక్కొద్దు. నొక్కితే యాప్ ఖాళీగా మొదలవుతుంది, ఆ తర్వాత రీస్టోర్ చేసే మెనూ లోపల ఎక్కడా కనిపించదు, యాప్ తీసేసి మళ్లీ పెట్టి మొదటినుంచీ రావాల్సిందే. పొరపాటున నొక్కేసి ఉంటే కంగారుపడకండి, కానీ ఖాళీ యాప్‌లో కొత్త బ్యాకప్ నడవకముందే ఆ పని చేయండి. రాత్రికి ఖాళీ చాట్‌ల బ్యాకప్ పాతదాని మీద పడితే అప్పుడు నిజంగానే కష్టం.

ఆండ్రాయిడ్ వాళ్లకి ఒక అదనపు ఆధారం ఉంది. ఫోన్ స్టోరేజీలో ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్ అనే ఫోల్డర్ల లోపల డేటాబేసెస్ అని ఉంటుంది, గత కొద్ది రోజుల చాట్ కాపీలు అందులో ఉంటాయి. ఆ మొత్తం వాట్సాప్ ఫోల్డర్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు కూడా దాంతోపాటే వస్తాయి. చాట్ తిరిగి రాకపోయినా ఆ వాయిస్ మెసేజ్‌లు మామూలు ఆడియో ఫైళ్లే, కంప్యూటర్‌లో వినొచ్చు. ఈ ఒక్క కాపీ ఉండుంటే నాకు చాలేది.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారేవాళ్లు మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో వెళ్లాలి. దీనికి ఐఫోన్ పూర్తిగా కొత్తదిగానో రీసెట్ చేసిందిగానో ఉండాలి, అంటే ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడే ఈ పని పెట్టుకోవాలి. ముందు ఐఫోన్ సెటప్ ముగించి వారం వాడేశాక వాట్సాప్ గుర్తొస్తే, మళ్లీ దాన్ని తుడిచి మొదలుపెట్టాలి. కాల్ హిస్టరీ రాదు. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి కూడా కొత్త ఫోన్ సెటప్ అప్పుడే, సాధారణంగా రెండు ఫోన్లనీ కేబుల్‌తో కలిపి చేస్తారు. గూగుల్ బ్యాకప్‌ని ఐఫోన్ చదవదు, ఐక్లౌడ్ బ్యాకప్‌ని ఆండ్రాయిడ్ చదవదు, ఇది తెలియక రెండు రోజులు కుస్తీ పట్టినవాళ్లని చూశాను.

కొందరు లింక్డ్ డివైసెస్‌తో కొత్త ఫోన్‌ని జత చేసి, చాట్‌లు కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. జత చేసిన ఫోన్‌లోకి వచ్చేది ఈమధ్యవి మాత్రమే, మొత్తం హిస్టరీ కాదు, పైగా అసలు ఫోన్ 14 రోజులకు మించి వాడకుండా పక్కన పడేస్తే జత చేసినవన్నీ లాగౌట్ అవుతాయి.

సిగ్నల్

సిగ్నల్ దాచుకోవడంలో మహా గట్టిది, మనం మర్చిపోతే క్షమించదు. ఐక్లౌడ్ మొత్తం ఫోన్‌ని బ్యాకప్ చేసినా అందులో సిగ్నల్ చాట్‌లు ఉండవు. సిగ్నల్ పిన్ ఉంది కదా అనుకోవచ్చు, ఆ పిన్‌తో తిరిగొచ్చేది ప్రొఫైల్, సెట్టింగ్స్, కాంటాక్ట్స్. మెసేజ్‌లు కాదు.

ఆండ్రాయిడ్‌లో ఫోన్‌లోనే బ్యాకప్ ఫైలు తీసుకునే వీలు ఎప్పటినుంచో ఉంది. సెట్టింగ్స్‌లో బ్యాకప్స్ విభాగంలోనో, పాత వెర్షన్లలో చాట్స్ లోపలో దొరుకుతుంది. ఏ ఫోల్డర్‌లో పెట్టాలో అడిగి, 30 అంకెల పాస్‌ఫ్రేజ్, అంటే ఆ బ్యాకప్‌ని తెరిచే కీ, చూపిస్తుంది, ఐదేసి అంకెలుగా ఆరు గుంపులు. దీన్ని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో పెట్టుకుంటే ఫోన్ పోయినప్పుడు అదీ పోతుంది. కాగితం మీద రాయండి. నేను రాసే పద్ధతి చెప్తాను, ఒక్కో గుంపు ఒక్కో వరుసలో, పెద్ద అంకెలతో, ఒకటికీ ఏడుకీ తేడా తెలిసేలా రాసి, ఇంకొకరిని ఆ కాగితం చూసి పైకి చదవమని స్క్రీన్ మీద సరిచూసుకుంటాను. ఆ పేజీలో వెరిఫై పాస్‌ఫ్రేజ్ అని ఉంటుంది, కాగితంలోంచే చూసి కొట్టండి, మళ్లీ స్క్రీన్ వైపు చూడకుండా. పడిందంటే కాగితం సరిగ్గా ఉన్నట్టు. ఇలా సరిచూస్తుంటేనే ఒకసారి నేను నాలుగో గుంపులో ఒక అంకె వదిలేసినట్టు తెలిసింది, 29 అంకెలతో ఆ బ్యాకప్ జన్మలో తెరుచుకునేది కాదు.

బ్యాకప్ ఫైలు ఫోన్‌లోనే కూర్చుంటుంది, దానంతట అది ఎక్కడికీ వెళ్లదు. కాబట్టి ఆ ఫైలుని కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేయాలి. ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి ఎక్కడ పెట్టినా పాస్‌ఫ్రేజ్ లేనిదే ఎవరూ చదవలేరు, కాగితం మాత్రం ఫైలు పక్కనే పెట్టకండి. కొత్త ఫోన్‌లోకి ఫైలు కాపీ చేశాక, యాప్ తెరవగానే వచ్చే మొదటి స్క్రీన్‌లోనే రీస్టోర్ అన్నది ఎంచుకోవాలి. రిజిస్ట్రేషన్ అయిపోయాక చేద్దాంలే అనుకుంటే కుదరదు.

2025 సెప్టెంబర్‌లో సిగ్నల్ తన సొంత సెక్యూర్ బ్యాకప్స్ ప్రకటించింది, ముందు ఆండ్రాయిడ్‌లో మొదలుపెట్టింది. మీరు ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. ఉచిత ప్లాన్‌లో టెక్స్ట్ మెసేజ్‌లన్నీ, గత 45 రోజుల ఫోటోలు, వీడియోలు వస్తాయి, అంతకు ముందువి కావాలంటే డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి. ఒక్కసారి చూసి పోయే ఫోటోలు, మరో 24 గంటల్లో మాయమయ్యేలా పెట్టినవి అందులో చేరవు. దీనికి 64 అక్షరాల రికవరీ కీ ఇస్తారు, పోతే సిగ్నల్ వాళ్లు కూడా తిరిగి ఇవ్వలేరు, అది వాళ్లకి తెలియనే తెలియదు. మీ యాప్‌లో ఇది కనిపిస్తుంటే ఆన్ చేసుకోండి. 45 రోజుల కంటే పాత ఫోటోల్లో విలువైనవి ఉంటే వాటిని విడిగా సేవ్ చేసుకోండి.

పాత ఫోన్ చేతిలో ఉంటే ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కీ, ఐఫోన్ నుంచి ఐఫోన్‌కీ నేరుగా పంపొచ్చు, సెట్టింగ్స్, అకౌంట్, ట్రాన్స్‌ఫర్ అకౌంట్. ఇక్కడొకటి గమనించాలి, పంపడం పూర్తయ్యాక పాత ఫోన్‌లో ఉన్న సిగ్నల్ డేటా చెరిగిపోతుంది. అంటే ఇది కాపీ చేయడం కాదు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లడం. అందుకే ముందు బ్యాకప్ తీసుకున్నాకే దీన్ని మొదలుపెట్టమంటాను.

కంప్యూటర్‌లో సిగ్నల్ డెస్క్‌టాప్ ఉంటే దాన్ని కదపకండి. 2025 జనవరి నుంచి కొత్తగా డెస్క్‌టాప్ జత చేసేటప్పుడు పాత మెసేజ్‌లు కూడా అందులోకి తెచ్చుకునే వీలు వచ్చింది. డెస్క్‌టాప్‌లో ఉన్నది తిరిగి ఫోన్‌లోకి రాకపోయినా, కనీసం చదువుకోవడానికి ఒక చోట ఉంటుంది.

మిగతా యాప్‌లు

టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లు వాళ్ల సర్వర్‌లోనే ఉంటాయి, కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే అన్నీ వచ్చేస్తాయి. విడిగా ఏ కీ లేకుండానే అలా రాగలుగుతున్నాయంటే అవి ఎండ్-టు-ఎండ్ కాదని అర్థం. ఎండ్-టు-ఎండ్ ఉండేది సీక్రెట్ చాట్‌లకి, అవి మొదలుపెట్టిన ఫోన్‌లోనే ఉంటాయి, కొత్తదాంట్లోకి తెచ్చే దారి లేదు, పాత ఫోన్‌లో లాగౌట్ అయితే పోతాయి. అందులో దాచుకోవాల్సిన విషయమేదైనా ఉంటే ముందే వేరేచోట రాసి పెట్టుకోండి.

ఫేస్‌బుక్ మెసెంజర్‌లో 2023 డిసెంబర్ నుంచి ఎండ్-టు-ఎండ్ మామూలు చాట్‌లకి కూడా వచ్చింది, పాత మెసేజ్‌లు కొత్త ఫోన్‌లో కనిపించడానికి పిన్ పెట్టుకోమంటుంది. చాలామంది ఆ పిన్ ఏదో ఒకటి కొట్టి మర్చిపోయారు. పాత ఫోన్‌లో ఇప్పుడే చూసుకోండి.

త్రీమా వాడేవాళ్లు త్రీమా సేఫ్ ఆన్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. అందులో మీ ఐడీ, కాంటాక్ట్స్, గ్రూపులు, సెట్టింగ్స్ ఉంటాయి, మెసేజ్‌లు ఉండవు. ఆండ్రాయిడ్‌లో మెసేజ్‌లకి డేటా బ్యాకప్ అని విడిగా ఉంది, అది తీయాలి.

మ్యాట్రిక్స్ అనే నెట్‌వర్క్ మీద నడిచే ఎలిమెంట్ లాంటి యాప్‌లలో మెసేజ్‌లు సర్వర్‌లో ఉంటాయి, కానీ తాళం వేసి ఉంటాయి. రికవరీ కీ లేకుండా కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే ప్రతి మెసేజ్ దగ్గరా డీక్రిప్ట్ చేయలేకపోతున్నాం అనే కనిపిస్తుంది. రికవరీ కీ రాసుకున్నాకే, లేదా కొత్త ఫోన్‌ని పాతదాంతో వెరిఫై చేశాకే పాతదాంట్లో లాగౌట్ కావాలి.

కీలు ఎక్కడ పెట్టుకోవాలి

మారుతున్న ఆ ఫోన్‌లో మాత్రం వద్దు. అదే యాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకోవడం ఇంకా పొరపాటు, తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టు. పాస్‌వర్డ్ మేనేజర్ వాడుతుంటే అందులో ఒకటి, కాగితం మీద ఒకటి, ఇంట్లో ముఖ్యమైన కాగితాలు పెట్టే చోట. కాగితం మీద ఏ యాప్‌దో, ఏ నంబర్‌దో, ఏ తేదీన రాశారో తప్పకుండా రాయండి. కీ మార్చిన రోజు పాత కాగితం చింపేయండి, రెండు కాగితాలు ఉంటే అవసరానికి తప్పుదే చేతికొస్తుంది. కీలో అక్షరాలు కూడా ఉంటే సున్నాకి మధ్యలో గీత కొట్టండి, లేకపోతే ఆరు నెలల తర్వాత అది సున్నానో ఓనో మీకే తెలియదు.

పాత ఫోన్ పగిలిపోతే

స్క్రీన్ పగిలినా లోపల ఫోన్ బతికే ఉండొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి ఓటీజీ అడాప్టర్‌తో, అంటే ఛార్జింగ్ పోర్ట్‌కి మౌస్ కలిపే చిన్న ముక్కతో, మౌస్ తగిలిస్తే టచ్ పనిచేయకపోయినా బాణం గుర్తుతో నడపొచ్చు. ఏమీ కనిపించకపోతే స్క్రీన్ మార్పించడం ఒక దారి, మార్చేవాళ్లకి డేటా తుడవొద్దని నోటితో చెప్పి ఊరుకోకుండా రాసి ఇవ్వండి. కంప్యూటర్‌లో ఆ యాప్ ఇంకా తెరిచి ఉంటే లాగౌట్ చేయకుండా, కొత్త ఫోన్‌లో రిజిస్టర్ కాకముందే, అందులో కనిపిస్తున్న ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి.

అవతలివాళ్ల ఫోన్ కూడా మర్చిపోకండి. మీ దగ్గర పోయిన సంభాషణ వాళ్ల దగ్గర ఉంటుంది. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కితే టెక్స్ట్ ఫైలుగా వస్తుంది, మీడియాతో సహా అని ఎంచుకుంటే వాయిస్ మెసేజ్‌లు కూడా వస్తాయి. ఆ ఫైలుని మళ్లీ యాప్‌లోకి ఎక్కించలేం, కానీ చదువుకోవచ్చు. నాన్న మా అక్కకి పంపిన మెసేజ్‌లు కొన్ని నాకు ఆ రకంగానే దొరికాయి.

పోయిన చాట్‌లన్నీ తెచ్చిపెడతాం అనే సాఫ్ట్‌వేర్లు బోలెడు కనిపిస్తాయి. కీ లేని ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ని ఏ సాఫ్ట్‌వేరూ తెరవలేదు. డబ్బు పోవడం అటుంచి, ఫోన్ మొత్తాన్ని చదివే అనుమతి ఎవరో తెలియనివాళ్ల చేతికిస్తున్నట్టు.

అంతా వచ్చిందో లేదో చూసుకోవడం

పైపైన చాట్‌ల లిస్టు చూసి ఊరుకోకండి. టెక్స్ట్ ముందు వస్తుంది, ఫోటోలు, వీడియోలు వెనకాల గంటల తరబడి దిగుతూ ఉంటాయి, అప్పటిదాకా మసగ్గా కనిపిస్తాయి. మీకు అన్నిటికంటే ముఖ్యమైన చాట్ తెరిచి, పైకి జరుపుతూ మొట్టమొదటి మెసేజ్ దాకా వెళ్లండి. రెండు మూడేళ్ల కిందటి ఫోటో ఒకటి తెరిచి పెద్దది చేసి చూడండి, ఒక వాయిస్ మెసేజ్ వినండి, ఒక పీడీఎఫ్ తెరవండి. ఇంటర్నెట్ ఆపేసి ఇదే పని ఇంకోసారి చేస్తే ఫైళ్లు నిజంగా ఫోన్‌లోకి చేరాయో లేదో తెలుస్తుంది. తర్వాత కొత్త ఫోన్‌లో బ్యాకప్ ఆన్ అయి ఉందో లేదో చూడండి, కొన్ని యాప్‌లలో మళ్లీ మనమే ఆన్ చేయాలి, సిగ్నల్‌లో అయితే కొత్త పాస్‌ఫ్రేజ్ వస్తే పాత కాగితం కొత్త బ్యాకప్‌లకి పనికిరాదు.

ఇదయ్యాక కూడా పాత ఫోన్‌ని ఒక నెల అలా ఉంచేయండి, వీలైతే. ఏదో ఒకటి రాలేదని తెలిసేది సాధారణంగా మూడో వారంలోనే, ఎవరో పాత అడ్రస్ అడిగినప్పుడో, ఒక రసీదు కావాల్సొచ్చినప్పుడో. పిన్ని పాత ఫోన్ ఇంకా డ్రాయర్‌లోనే ఉంది, స్విచాఫ్ చేసి, వెనకాల అంటించిన కాగితం మీద రీసెట్ చేయొచ్చు అని రాసి తేదీ వేశాను. వచ్చే నెల పదో తారీకు.